పసుపు పీలిక చెప్పులు

రూతమ్మకు చదువు రాదు గానీ లైనులో నిలబడటం వచ్చు. అదీ ఒక విద్యేనా అని తేలిగ్గా తీసిపారేయకండి. వడ్డేపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆమె ఊరికి యూరియా లారీ వస్తోందని కబురు అందితే చాలు, రైతులు మొదట వెతికేది రూతమ్మనే. దుకాణం ముందు ఆమె ఉంటే లైను చక్కగా సాగుతుంది. ఎవరు ఎవరి వెనక వచ్చారో అంతా ఆమె నోటికి వచ్చు. మధ్యలో దూరబోయిన మొనగాణ్ని రెక్క పట్టి వెనక్కి పంపడానికి ఆమెకు పోలీసుల సాయం అక్కర్లేదు.

ఆ లైను పద్ధతి కూడా చెప్పాలి. మండే ఎండలో పూటంతా ఎవరు నిలబడతారు? అందుకని మనిషికి బదులు చెప్పులు నిలబడతాయి. చెప్పులు లైనులో, మనిషి నీడలో. లారీ వచ్చాక ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెట్టుకుంటే సరి. ఆ చెప్పుల్ని జరిపితే మనిషిని తోసినట్టే లెక్క, ఊరంతా మీద పడుతుంది. అయితే అందరివీ అవే నీలం రబ్బరు చెప్పులాయె, ఏవి ఎవరివో తెలియక కొట్లాటలు. దానికి రూతమ్మ ఒక ఉపాయం చేసింది. పాత చీర అంచు చింపి తన చెప్పుల వారుకు పసుపు పీలిక కట్టింది. ఇంట్లో వాళ్లందరి చెప్పులకూ అదే గుర్తు. చెల్లెలు సరిత చిన్నదిగా ఉన్నప్పుడు రేషను దుకాణం ముందు ఆ పిల్ల బుల్లి చెప్పులు కూడా పసుపు పీలికతో లైనులో ఉండేవి.

చెల్లెలు అంటున్నాను గానీ, నిజానికి సరిత ఆమెకు పెద్దకూతురు లాంటిది. తల్లి పోయేనాటికి సరిత ఇంకా చంకలో పిల్ల. రూతమ్మ పెళ్లయి దానియేలు ఇంటికి వచ్చేటప్పుడు సామాన్లతో పాటు చెల్లెలినీ తెచ్చుకుంది. దానియేలు మంచివాడు, కిమ్మనలేదు. మిరప తోటల్లో, పత్తి చేలల్లో కూలికి పోయినప్పుడు గట్టు మీద చీర పరిచి సరితను పడుకోబెట్టేది. కాలువ పనులకు దూర రాష్ట్రాలకు పోయినప్పుడూ వెంట తీసుకుపోయింది. పెంచి పెద్ద చేసింది, పదోతరగతి గట్టెక్కించింది. పెళ్లి చేస్తే ఆ మొగుడు ఒకనాడు చెప్పాపెట్టకుండా పోయాడు. అప్పుడు సరిత, "నేను దుబాయి పోత అక్కా" అన్నది.

ఆ వైపు వాళ్లు గల్ఫులో ఏ దేశానికి పోయినా దుబాయి అనే అంటారు. సరిత పోయిన దేశం పేరు రూతమ్మకు ఇప్పటికీ నోరు తిరగదు. అక్కడొక పెద్ద దవాఖానలో సరితకు ఆయా పని.

సరిత పోయిన రోజే రూతమ్మ గుండెల్లో ముల్లయి దిగింది. ఆ పొద్దున గద్వాల బస్టాండులో చెల్లెల్ని బస్సెక్కించాలి. సరిగ్గా ఆ పొద్దునే యూరియా వచ్చింది. కౌలుకు పట్టిన వరి పచ్చదనం పోయి ఎర్రబారుతోంది, ఒక్క బస్తా దొరక్కపోతే ఏడాది కష్టం మట్టిపాలు. దానియేలు జ్వరంతో పడి ఉన్నాడు. ఏముంది, చెప్పులు పెట్టి పోయొస్తాను అనుకున్నది. కానీ ఆ రోజు ఎవరో కొత్త అధికారి వచ్చి, చెప్పులు గిప్పులు చెల్లవు, మనిషే నిలబడాలె అని లైనులో ఉన్న చెప్పులన్నీ పక్కకు తన్నించాడు. రూతమ్మ నిలబడింది. బస్తా చేతికి వచ్చాక ఆటోలో గద్వాలకు ఉరికింది. బస్టాండులో బస్సు లేదు, బస్సు నిలబడ్డ చోట నూనె మరక ఉంది. రాత్రి సరిత ఫోను చేసి, "కొంచెంసేపు ఆపమని డ్రైవరును బతిమాలిన అక్కా, ఆగలే. పర్వాలేదు తియ్యి" అన్నది. ఆ పర్వాలేదు అన్న మాట రూతమ్మకు ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు.

ఏళ్లు గడిచాయి. సరిత రాలేదు. వచ్చే వీలున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడింది. ఈ ఏడు ఉన్నట్టుండి ఆ పిల్లే టికెట్టు పంపించింది. "నా గదిల ఉండేటోళ్లు ఒప్పుకున్నరు. నెల రోజులు వచ్చి నా కాడ ఉండు" అన్నది. దానియేలు భార్యను ఆటపట్టించడానికి ఇదే అదను అనుకున్నాడు. "పోతే పోయినవ్ గని, ఆడ యూరియా దొరుకుతదేమో చూసి రా" అన్నాడు.

బయలుదేరే ముందు సరిత ఫోనులో ఒకటికి పదిసార్లు చెప్పింది. "నువ్వు బయటికొచ్చే తలుపు ముందట కటకటాలుంటయి అక్కా. గాడ నిలబడి ఉంట. పన్నెండు దాకనే ఉంట, ఇనవడ్తుందా? పన్నెండు దాటితే డ్యూటీ ఎక్కాలె. ఎక్కకపోతే పని ఉండదు. నీ ఫోను ఈడ పనిచెయ్యదు, జర తొందరగా రా."

"ఈసారి నేను ఆలస్యం చెయ్య" అన్నది రూతమ్మ. ఆ మాట ఆమె సరితకు చెప్పినట్టు లేదు, ఆ బస్సు డ్రైవరుకు చెప్పినట్టు ఉంది.

విమానం దిగి, నున్నటి నేల మీద జారకుండా కాలివేళ్లు బిగబట్టి నడిచి, పాస్‌పోర్టులు చూసే హాలులోకి వచ్చి రూతమ్మ ఆగిపోయింది. అంత పొడుగు లైను ఆమె తన జన్మలో చూడలేదు. పట్టీలు కట్టి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మడతలు మడతలుగా తిప్పారు. ఒక్కసారే నాలుగైదు విమానాలు దిగినట్టున్నాయి. అంతమంది ఉన్నా మధ్యలో దూరేవాడు ఒక్కడూ లేడు. అది చూసి ఆమెకు ముచ్చటేసింది, కొంచెం కుళ్లు కూడా పుట్టింది. ఇక్కడ తనకేమీ పని లేదన్నమాట.

గోడకు పెద్ద ముళ్ల గడియారం ఉంది. అక్షరాలు రాకున్నా గడియారం చూడటం వచ్చు. పన్నెండుకు ఇంకా చాలా టైముంది. ఆమె వెళ్లి లైను చివర నిలబడింది. ముందర నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకున్న ఒక తల్లి, వెనక మోకాళ్ల కిందికి దిగే చొక్కా వేసుకున్న గడ్డపాయన. ఏ దేశం వాళ్లో, ఏ భాష వాళ్లో తెలియదు. లైను ఒకడుగు కదిలి, చాలాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ ఒకడుగు కదులుతోంది. లైను రెండు మడతలు తిరిగేసరికే రూతమ్మ మోకాళ్లు మొరాయించాయి.

అప్పుడు ఆమె చేసిన పని ఆ ఊరి వాళ్లు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ చేసి ఉండరు. చెప్పులు విడిచింది. వాటిని పక్కపక్కన పెట్టి, పసుపు పీలికలు పైకి కనబడేలా సర్దింది. వెనకాయనకు చూపించి, "అన్నా, జర నా జాగ చూస్తుండు" అని చెప్పి, పట్టీ కింది నుంచి వంగి వెళ్లి గోడ పక్కన చతికిలపడింది. ప్రాణం లేచి వచ్చింది.

గడ్డపాయన చెప్పుల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ముందు తల్లి కదిలింది. ఆయన కదల్లేదు, ఎదురుగా చెప్పులున్నాయి మరి. ఆయన వెనక ఎవరో ఏదో అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, బూటు కొనతో ఎంతో మర్యాదగా ఎడమ చెప్పును ముందుకు జరిపాడు, తర్వాత కుడి చెప్పును జరిపాడు. గోడ దగ్గర రూతమ్మ తృప్తిగా తలూపింది. మనిషి మంచోడే అనుకుంది. లైను మరో రెండుసార్లు కదిలింది. చెప్పులూ కదిలాయి.

ఇంతలో యూనిఫాం వేసుకున్న మనిషి వచ్చాడు. మనిషి లేని చెప్పులు చూసి ఆగాడు. వంగి, రెండు వేళ్లతో వాటిని ఎత్తిపట్టుకుని పెద్దగా ఏదో అడిగాడు.

రూతమ్మకు భాష అర్థం కాలేదు గానీ మాట అర్థమైంది. చెప్పులు చెల్లవు, మనిషే నిలబడాలె. అవే మాటలు. వట్టి కాళ్లతో ఉరికింది. తనను చివరికి పంపిస్తారు, ఇక పన్నెండుకు అందుకోలేనని ఆమెకు ఏడుపొచ్చింది. "నావే సారూ, మోకాళ్లు గుంజుతున్నయి, నా జాగ గదే" అంటూ చేతులు జోడించింది. గడ్డపాయన తన భాషలో ఏదో గట్టిగా చెప్పాడు. బిడ్డ తల్లి వెనక్కి తిరిగి, ఈమె చోటు ఇదేనని నేలను వేలితో చూపించింది. యూనిఫాం మనిషి ముగ్గురినీ మార్చి మార్చి చూసి, చెప్పులను రూతమ్మ కాళ్ల ముందు పెట్టాడు. నిలబడమని చెయ్యి ఊపి పోయాడు. పోతూ పోతూ నవ్వుకుంటున్నాడు.

సరే, నిలబడింది. కానీ ఎంతసేపు? ఆమె ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకోవడం చూసి గడ్డపాయన తన చక్రాల పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి, కూర్చోమని చేయి చాపాడు. ఆమె వద్దన్నది. ఆయన వినలేదు. కూర్చుంది. లైను కదిలినప్పుడల్లా ఆయన పెట్టెను మెల్లగా ముందుకు తోశాడు. ఇన్నేళ్ల జీవితంలో రూతమ్మ లైనులో బండెక్కి పోవడం అదే మొదలు. బిడ్డ తల్లి నవ్వుతుంటే తనకూ నవ్వొచ్చింది. సంచిలోంచి ఒక జొన్నరొట్టె తీసి మూడు ముక్కలు చేసి పంచింది. ముగ్గురూ తిన్నారు.

కానీ ఆమె కళ్లు గడియారాన్ని వదల్లేదు. పెద్ద ముల్లు ఒక్కో గీత పైకి ఎక్కుతోంది. ఇంకా ఒక మడత మిగిలి ఉండగానే రెండు ముళ్లూ కలిశాయి. రూతమ్మ తల వంచుకుంది. మళ్లీ అదే అయింది. మళ్లీ లైనే అడ్డం వచ్చింది. కటకటాల దగ్గర చెల్లెలు మెడ సాచి చూసి చూసి వెనక్కి తిరిగి పోవడం ఆమె కళ్లకు కట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. గడ్డపాయన పెట్టెను తోస్తూనే ఉన్నాడు.

అద్దాల గదిలో కూర్చున్న అమ్మాయి వేలిముద్రలు అడిగింది. పడలేదు. మిరపకాయలు తెంపి, పత్తి ఏరి అరిగిపోయిన వేళ్లు అవి, ఊళ్లో రేషను మిషను దగ్గరా ఇదే తంటా. రూతమ్మ వేళ్లను నూనె రాసుకున్న జుట్టుకు గట్టిగా రుద్ది, కొంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. పడ్డాయి. ఠప్పుమని ముద్ర కొట్టి పంపారు. గడ్డపాయన పక్క గది దగ్గర నుంచి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తి, సామాను అందుకుని బయటికి ఉరికింది.

తలుపు తెరుచుకుంది. కటకటాల అవతల జనమే జనం. పేర్లు రాసిన అట్టలు పట్టుకున్నవాళ్లు, పూలు పట్టుకున్నవాళ్లు. సరిత లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెతికింది. లేదు. దేశం కాని దేశంలో ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలియక రూతమ్మ సామాను కింద పెట్టి, కటకటాలు పట్టుకుని కిందికి వంగింది.

అక్కడ కనబడ్డాయి. కటకటాల కింద, గోడ మూలకు, ఒక జత ఆడవాళ్ల చెప్పులు. కొత్త రకం, ఊళ్లో దొరికేవి కావు. రెండింటి వారుకూ పసుపు పీలిక ముడివేసి ఉంది.

రూతమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది. ముట్టుకోబోతే వెనక నుంచి ఎవరో, "పెద్దమ్మా, గవి జరపకు" అన్నారు. తెలుగు మాట. తిరిగి చూస్తే నేల తుడిచే కర్ర పట్టుకున్న పడుచువాడు.

"గవి ఒక అక్క పెట్టిపోయింది. చున్నీ చింపి కట్టింది. డ్యూటీ బూట్లు ఏసుకొని ఉరికింది. దవాఖానల సంతకం పెట్టి, తన జాగల ఇంకొకామెను నిలబెట్టి వస్తనన్నది. మా అక్కొస్తే గా చెప్పులు చూసి సమజైతది, తీసెయ్యకు తమ్మీ అన్నది. సూపర్‌వైజరు తియ్యమన్నడు గని నేను వాటి సుట్టూ తుడుచుకుంట వస్తున్న" అన్నాడు. అతని పేరు మహేశ్వర్. "మాది తెలకపల్లి. యూరియా లైన్ల చెప్పులు మస్తు చూసిన. ఎయిర్‌పోర్టుల చూసుడు ఇదే మొదలు."

"గామె నా చెల్లె" అన్నది రూతమ్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది.

తర్వాత ఆమె తన చెప్పులు విడిచి, సరిత చెప్పుల వెనక ఒద్దికగా పెట్టింది. సామాను పక్కన పెట్టుకుని గోడకు చేరగిలపడి కూర్చుంది. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆమెకు తొందర లేదు, భయం లేదు. ఎంతసేపు కూర్చుందో ఆమె గడియారం కూడా చూడలేదు.

తెల్లటి బూట్లు వచ్చి ఎదురుగా ఆగాయి. సరిత ఒగరుస్తోంది. మెడలో చున్నీకి ఒక కొస లేదు. అక్కను గట్టిగా కరుచుకుని చాలాసేపు వదల్లేదు. చివరికి కళ్లు తుడుచుకుంటూ కింద ఉన్న రెండు జతలనూ చూసింది.

"నీ చెప్పులు నా చెప్పుల ఎన్క పెట్టినవేంది అక్కా?"

"లైను లైనే గదనే. నువ్వు ముందొచ్చినవ్. అప్పుడు గద్వాల బస్టాండుల గూడ నువ్వే ముందొచ్చినవ్" అన్నది రూతమ్మ.