తీసెయ్యని గుమాస్తా

ఢిల్లీ పక్కనున్న వైశాలి మెట్రో దగ్గర పచ్చళ్ళ సునంద అంటే తెలియని తెలుగువాళ్ళు లేరు. నోయిడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల దగ్గర్నుంచి బేర్ సరాయ్ గదుల్లో పరీక్షలకు చదివే కుర్రాళ్ళ దాకా ఆవిడ గోంగూర పచ్చడితోనే రోజులు గడుపుతున్నారు. చేతిలో ఎంత కారం ఉందో మనసులోనూ అంతే ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే బసవపున్నయ్య ఆ పచ్చళ్ళ కొట్లో లెక్కలు రాయడానికి చేరేవాడే కాదని ఆవిడ నమ్మకం.

బసవపున్నయ్య కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరుగా రిటైరైనవాడు. సునంద భర్త ఆ ఆఫీసులోనే పనిచేస్తూ చిన్న వయసులో పోయాడు. ఆ ఉద్యోగం భార్యకు ఇచ్చే వీలుండేది. ఫైలు బసవపున్నయ్య బల్ల మీదకు వచ్చిందని విని కాలనీలో తెలుగువాళ్ళంతా "మనవాడేగా, నీకేం దిగుల్లేదు" అన్నారు. ఢిల్లీలో మనవాడి కంటే ప్రమాదం ఇంకొకటి లేదు. తెలుగామె కాబట్టి సాయం చేశాడని తోటివాళ్ళు ఎక్కడ అంటారోనన్న భయంతో ఆ మహానుభావుడు ఆమె ఫైలు అందరి ఫైళ్ళకూ అడుగున పెట్టాడు. అది పైకి వచ్చేసరికి ఖాళీలు అయిపోయాయి. ఆయనకు నిజాయితీపరుడని పేరొచ్చింది. సునంద సర్కారు క్వార్టర్ వదిలి, చంటిపిల్లను చంకనేసుకుని వైశాలిలో ఒక్క గదిలోకి వచ్చి పడింది. ఎలా జరిగిందో ఆ సెక్షన్‌లోని ప్యూను తర్వాత చెప్పాడు.

అలాంటి మనిషి రిటైరయ్యాక, ఇంట్లో తోచడం లేదంటూ పని అడగడానికి ఆవిడ కొట్టుకే వచ్చాడు. సునంద చూడగానే గుర్తుపట్టింది. ఆయన గుర్తుపట్టినట్టు కనిపించలేదు. నవ్వుతూ కుర్చీ వేసింది. ఇక్కడ బాగా అలవాటు పడ్డాక, ఈ కొట్టు తప్ప ఇంకో లోకం లేదనుకున్నాక, మెడపట్టి గెంటాలని ఆవిడ ఎత్తు.

సాకు దానంతటదే దొరికింది. తెలుగు సంఘం ఉగాది మేళాలో స్టాలు కోసం అప్లికేషన్ ఇచ్చి రమ్మని ఆయన్ని పంపితే, స్టాలు ఇంకెవరికో పోయింది.

"మమ్మీ, అంకుల్ కో నికాల్ దో" అంది కూతురు తేజశ్రీ. "ఏక్ యాప్ సబ్ కర్ లేగా."

ఆయన్ని తీసేస్తే పనంతా ఒక్క యాప్ చేసేస్తుందని కూతురే అనేసరికి సునందకు ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని లోపలికి పిలిచింది.

"అప్లికేషన్ టైముకి ఎందుకివ్వలేదు పున్నయ్యగారూ?"

"ఇచ్చాను మేడమ్. అందరివీ అయ్యాక ఇచ్చాను. సెక్రటరీ శ్రీహర్ష మా అన్నయ్య కొడుకు. బాబాయి పనిచేసే కొట్టుకి ఇచ్చాడని వాడికి మాట రాకూడదుగా."

సునందకు ఒళ్ళు భగ్గున మండింది. "మీ బుద్ధి ఇంకా మారలేదన్నమాట!"

ఆయన తల వంచుకున్నాడు. "మీరెవరో తెలిసే వచ్చానమ్మా. ఆ రోజు మీ ఫైలు అడుగున పెట్టింది నేనే. ఏదో ఒకరోజు మీరే నన్ను పంపించేస్తారని చూస్తున్నా. మీ నోటితో పొమ్మంటే నా గుండెల మీద బరువు కొంచెం దిగుతుంది. తీసేయండి."

సునంద ఆయన్ని ఎగాదిగా చూసింది. తను పన్నిన ఎత్తులో ఇన్నాళ్ళూ సుఖంగా కూర్చున్నది ఆయనా? గెంటినా లాభం ఆయనకేనా?

"తీసెయ్యను" అంది. "ఫోను తియ్యండి. మీ శ్రీహర్షకి చేసి స్పీకర్లో పెట్టండి. మా మేడమ్‌కి స్టాలు కావాలి, నా మొహం చూసి ఇవ్వరా అని అడగండి."

"అమ్మా, నేను జన్మలో ఎవర్నీ సిఫారసు అడగలేదు."

"తెలుసు. నా కొంప ముంచి నిలబెట్టుకున్న వ్రతం కదా అది! అడగలేకపోతే వెళ్ళండి. కానీ నేను పంపినట్టు కాదు, మీరే పారిపోయినట్టు."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. స్పీకర్లో పెట్టి నంబరు నొక్కాడు.

"ఒరే శ్రీహర్షా, బాబాయినిరా. మేళాలో మా మేడమ్‌కి ఒక స్టాలు..." ఆయన సునంద వంక చూశాడు. "మనవాళ్ళేరా. నా కోసం చూడు."

అవతలివాడు పకపకా నవ్వాడు. "మీరు అడగడమా బాబాయ్! ఠీక్ హై, ఇందాకే ఒకరు మానుకున్నారు, అది ఇచ్చేస్తాలెండి. ఇంత చిన్న పనికి అంత నసుగుడెందుకు?"

ఫోను పెట్టేసి బసవపున్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది. సునందకు జాలి వేయలేదు. చిన్న పనే. ఒక్క మాటతో అయిపోయే పని. ఆనాడూ అంతే అయ్యేది. ఆయన ఆ మాట దాచుకున్నందుకా తన వయసంతా కారం దంచుతూ గడిచిపోయింది? చల్లారుతుందనుకున్న కడుపు ఇంకా మండింది.

"రేపు పదింటికల్లా రండి పున్నయ్యగారూ" అంది. "ఢిల్లీలో మీకు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు."