గొర్రెల తొట్టిలో బాప్తిస్మం

ఇద్వల్‌కి యాభై నాలుగేళ్లు. వేల్స్ కొండల్లో అతనికి ఓ మంద గొర్రెలు, పొలంలో ఒక కూలిన కోట, ఇంట్లో ఒక తల్లి. కోటని అతను పట్టించుకోడు. తల్లి అతన్ని వదిలిపెట్టదు. బతుకులో అతను కోరుకున్నది ఒక్కటే: బాప్తిస్టు మందిరంలో వేదిక కింద ఉండే పెద్దల బల్ల మీద కూర్చోవాలి. ఇరవై రెండేళ్లుగా దాని మీదే కన్ను. పోయిన చలికాలం ఒక పెద్దాయన పోవడంతో చోటు ఖాళీ అయింది. ఇద్వల్ ఏడ్చాడు గాని, మరీ ఎక్కువ కాదు.

ఎన్నిక వారంలో ఉందనగా మ్యూజియం నుంచి ఒకావిడ దిగింది. కోటలో గొర్రెలు నీళ్లు తాగే రాతి తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగి, నాచు గోకి, అడుగున కంతలో ఇద్వల్ తాత కుక్కిన ఉన్నిగుడ్డ పీకి కేక పెట్టింది. దొరబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చిన తొట్టి అట. ఎనిమిది వందల ఏళ్ల నాటిదట.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. టీ పోస్తున్న తల్లి మార్గెడ్ మురిసిపోయింది.

"మావాణ్ణీ అందులోనే ముంచానమ్మా, ఆర్నెల్లప్పుడు!"

సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. బాప్తిస్టులు పెద్దయ్యాక ఏట్లో నిలువునా మునిగేవాళ్లు. పసివాళ్లకి బాప్తిస్మం ఇచ్చేది అవతలి చర్చివాళ్లు; అలా మునిగినవాడు వాళ్లవాడి కిందే లెక్క. ఆ చర్చికి వచ్చేదే నలుగురు, అందులో ఒకరు ఫాదరు గారు. ఆయన మర్నాడే ఇద్వల్ పేరు రిజిస్టరులో ఎక్కించేసుకున్నాడు.

మందిరం పెద్దలు మార్గెడ్‌ని పిలిపించారు.

"అమ్మా, తొట్టిలో ఉన్నవి నీళ్లేనా?" అన్నారు పాస్టరు గారు.

"నీళ్లేంటి అయ్యగారూ, గొర్రెల పేలమందు! గొర్రెల్లో పొర్లి వీడి బుర్రనిండా పేలే."

ఇద్వల్ ఊపిరి పీల్చుకున్నాడు.

"మాటలేమన్నా అన్నావా?" సంఘపెద్ద గ్విలిమ్ వదల్లేదు.

మార్గెడ్ కొడుకు వంక చూసింది. "వీడు ఒకటే తన్నుకులాట. విసుగొచ్చి, 'తండ్రి పేరట చెప్తున్నా, కదలకురా వెధవా' అన్నా."

బాప్తిస్మానికి మూడు పేర్లు పలకాలి. తండ్రి పేరు పలికింది. కుమారుని పేరు, పరిశుద్ధాత్మ పేరు పలకలేదు. పెద్దలు రెండు గంటలు కొట్టుకుని తేల్చారు: ఇద్వల్ మూడో వంతు అవతలి చర్చివాడు. కాబట్టి రెండు ఆదివారాలు పెద్దల బల్ల, మూడో ఆదివారం తల్లి పక్కన పాత చోటు.

"ఆ ఒక్క ముక్క మింగేస్తే నీ సొమ్మేం పోయేదే అమ్మా?"

"మందిరంలో అబద్ధమాడమంటావట్రా?"

ఎన్నికయ్యాక రెండు ఆదివారాలు ఇద్వల్ పెద్దల బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. అక్కణ్ణుంచి అతనికి తల్లి కనిపించింది. పొడుగాటి బల్ల మీద ఒక్కతే. కొడుకు చోట్లో ఎవరూ కూర్చోకుండా చేతిసంచీ పెట్టుకుంది. పాట మొదలైతే పుస్తకం పట్టుకునేవాడు లేక తడుముకుంటోంది.

మూడో ఆదివారం మూతి ముడుచుకునే వచ్చాడు. ఆవిడ సంచీ తీసింది. ప్రసంగం మొదలవగానే ఎప్పటిలాగే ఒక పిప్పరమెంటు అతని చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"కుమారుని పేరు కూడా అన్నట్టు ఇప్పుడిప్పుడే గుర్తొస్తోందిరా నాకు."