క్లిప్పు వెయ్యని గొట్టం

రేవులో ఆయన్ని పంపుల మేస్త్రి అంటారు. ఇరవయ్యేళ్లు లాంచీ ఇంజన్లు బాగుచేసి, మోకాళ్లు అరిగిపోయాక ఈ పంపుల పనిలో పడ్డాడు. అంతకుముందు లాంచీలో ఇంజనాయిలు మార్చడమంటే నరకమే. ఇంజనుకీ చెక్కకీ మధ్య ఉన్న జానెడు సందులో బోర్లా పడుకోవాలి. పాత ఆయిలు కిందికి వదిలే అడుగు నట్టు విప్పుదామంటే చెయ్యి దూరదు, కింద గిన్నె పట్టదు. ఆయిలు కొలిచే పుల్ల తీసి, ఆ కన్నంలోంచి చేతిపంపుతో లాగీ లాగీ భుజాలు పడిపోయేవి. సగం ఆయిలు లోపలే ఉండిపోయేది, వచ్చిందాంట్లో సగం ఒంటిమీద పడేది.

మేస్త్రి ఆ అడుగు నట్టు తీసేసి, దాని చోట ఒక గొట్టం బిగించి, గోడకి తగిలించిన చిన్న కరెంటు పంపుకి కలిపేవాడు. స్విచ్చి ఇటు నొక్కితే పాత ఆయిలు బయటికి, అటు నొక్కితే కొత్త ఆయిలు లోపలికి. పది నిమిషాల పని. "ఇంక మీరు పెళ్లిచొక్కా వేసుకుని ఆయిలు మార్చొచ్చు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు.

అవతలి గట్టున ఉన్న ఆసుపత్రికి జనాన్ని దాటించే లాంచీ నడిపేది ఆయన బావే, సొంత అక్క మొగుడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తాడు కట్టినా, తలుపు వేసినా వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుంటాడని ఆయనకి రెండుసార్ల సరంగు అని పేరు పడింది. ఆ లాంచీకి పంపు పెట్టిన రోజున సరంగు టార్చి వేసి వంగి చూశాడు.

"ఒరేయ్, ఈ గొట్టం ఈ ఇనప అంచుకి తగులుతోంది కదా. ఇంజను అదురుకి రాసుకోదూ?"

తగులుతోంది. గొట్టాన్ని అంచుకి ఎడంగా పట్టి ఉంచడానికి ఒక క్లిప్పు వెయ్యాలి. సంచిలో క్లిప్పులు అయిపోయాయి. "రేపొచ్చి వేస్తాలే బావా" అన్నాడు మేస్త్రి. గట్టు మీద నలుగురు నిలబడి ఉండేసరికి ఊరుకోలేక, "మా బావ గొట్టాన్ని చూసినా పామనే అనుకుంటాడు" అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. సరంగూ నవ్వాడు.

మర్నాడు వేరే పడవ పని తగిలింది. ఆ తర్వాత మోకాలు వాచింది. మరిచిపోయాడని చెప్పడానికి లేదు. ఆ లాంచీ ముందునుంచి రెండుసార్లు నడిచి వెళ్లాడు, రెండుసార్లూ గుర్తొచ్చింది, ఏమవుతుందిలే అనుకున్నాడు.

నాలుగో వారంలో ఒకరోజు పొద్దున్నే సరంగు తానే స్విచ్చి నొక్కి, మొదటిసారిగా ఆ పంపుతో ఆయిలు మార్చుకున్నాడు. మూడో దాటింపులో, నడినీళ్లలో, ఆయిలు లేదని చెప్పే ఎర్రదీపం వెలిగింది. సరంగు వెంటనే ఇంజను ఆపేశాడు. ఆగిన లాంచీని ప్రవాహం తోసుకుపోయి వంతెన స్తంభానికి కొట్టింది. ఎవరూ నీళ్లలో పడలేదు గానీ, ఆసుపత్రిలో బట్టలుతికే ఆవిడ మణికట్టు విరిగింది.

లాంచీని లాక్కొచ్చాక, ఏమైందో చూడమని రేవు ఆఫీసరు మేస్త్రినే కిందికి పంపాడు. ఆయన దిగి చూశాడు. గొట్టం ఇనప అంచుకి రాసుకుని రాసుకుని చిల్లుపడింది. చిటికెనవేలు పట్టేంత చిల్లు. ఆయిలంతా అడుగున మడుగు కట్టి ఉంది. సంచిలో కొత్త గొట్టం ఉంది. పది నిమిషాల్లో మార్చేసి, ఈసారి క్లిప్పు వేసి, పాతది సంచిలో కుక్కుకుని పైకొచ్చాడు.

"స్విచ్చి నొక్కే ఉందండీ. పొద్దున మార్చాక ఆపడం మర్చిపోయినట్టున్నారు. పంపు లాగిందంతా అడుక్కి కారిపోయింది."

ఆ మాట అంత నున్నగా వస్తుందని ఆయనే అనుకోలేదు.

అందరూ సరంగు వైపు చూశారు. కాదంటాడనే మేస్త్రి కూడా అనుకున్నాడు. సరంగు స్విచ్చి నొక్కిన చేతికేసి చూసుకుని, "ఆపాననే అనుకున్నాను" అన్నాడు. మళ్లీ తనే, "ఆపలేదేమో" అన్నాడు.

ఆయన్ని చుక్కాని దగ్గర్నుంచి తీసేసి గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో పెట్టారు. మేస్త్రి రేవుకి వెనకదారిన రావడం మొదలుపెట్టాడు.

నెల దాటాక అక్క కబురుపెడితే వెళ్లక తప్పలేదు. సరంగు వంటింట్లోకి వెళ్లి గ్యాసు మరని ముట్టుకుని, బయటికొచ్చి, మళ్లీ వెళ్లి ముట్టుకున్నాడు. అరచేతిలో బాల్‌పెన్నుతో ఇలా రాసుకుని ఉన్నాడు: తాళం వేశాను. ఫ్యాను ఆపాను.

"మతిమరుపు వచ్చేసిందిరా ఆయనకి" అంది అక్క గొంతు తగ్గించి. "నేను లేకుండా పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నాను."

మేస్త్రికి అక్క ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గుమ్మందాకా సాగనంపడానికి వచ్చి సరంగు, "నీకు తెలిసిన డాక్టరు ఉంటే చూపించరా. ఒక్కణ్నీ వెళ్లాలంటే భయంగా ఉంది" అన్నాడు.

తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఈ రోజు ఏ వారమని అడిగింది. వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ వెళ్లమంది. అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక తిరిగి చెప్పమంది. సరంగు అన్నీ తడబడకుండా చెప్పాడు.

"మీకేం లేదండీ, బాగానే ఉన్నారు" అంది ఆవిడ.

"ఇవన్నీ చెప్పగలనమ్మా. కానీ స్విచ్చి ఆపలేదు. నా కళ్లముందు ఆపినట్టే ఉంటుంది, కానీ ఆపలేదు. నలభైమంది ఉన్నారు లాంచీలో."

ఆవిడ తలకి స్కానింగు రాద్దామని పెన్ను తీసింది. పక్క కుర్చీలోంచి మేస్త్రి, "ఆపాడమ్మా" అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆయన తల ఎత్తలేదు. "స్విచ్చి ఆపే ఉంది బావా. గొట్టం రాసుకుపోయి చిల్లుపడింది. నేను క్లిప్పు వెయ్యలేదు. చూసి కూడా అబద్ధం చెప్పాను."

"నేను ఆపానా?"

"ఆపావు బావా."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"నీ కళ్లతో?"

"నా కళ్లతోనే."

సరంగు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రి తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. మెట్లు దిగాక మాత్రం, "మీ అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పు" అన్నాడు.

అక్క బట్టలు మడతపెడుతూ విన్నది. చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "రోజూ ఆయన స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడ్డానురా, కుళాయి కట్టేస్తాడో లేదోనని. మొగుణ్ని పసిపిల్లాణ్ని చేశాను." ఇంకో చొక్కా అందుకుంటూ, "వెళ్లు" అంది.

మర్నాడు రేవులో పదిమంది ముందూ ఆఫీసరుకి చెప్పాడు. సరంగుకి లాంచీ తిరిగి ఇచ్చారు. మేస్త్రిని ఏడాదిపాటు రేవు పడవల మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. ఆసుపత్రి బట్టల గదికీ వెళ్లాడు. ఆవిడ మణికట్టు వంకరగానే అతుక్కుంది, దుప్పటి పిండడానికి ఇంకొకరి సాయం కావాలి. ఆయన చెప్పిందంతా విని, "ఇప్పుడు నాకిది చెప్తే ఎవరికి తేలికవుతుంది, నాకా, నీకా?" అని అడిగింది. ఆయన దుప్పటి రెండో చివర పట్టుకోబోతే వద్దంది.

ఏడాది గడిచాక రేవు కొత్త లాంచీకి పంపు పెట్టడానికి ఆయన్నే పిలిచారు. పిలవమన్నది సరంగేనని తర్వాత తెలిసింది. ఇంజను గదిలో పని పూర్తవుతుండగా పైన తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది.

"ఒరేయ్, టీ తెచ్చాను. చల్లారిపోతుంది, పైకి రా."

"వస్తున్నా బావా" అన్నాడు మేస్త్రి.

పని అయిపోయింది, క్లిప్పులన్నీ వేశాడు. చేతులు కూడా తుడుచుకున్నాడు. అయినా బావకి ఎదురుపడలేక ఇంజను పక్కనే, నట్లు బిగించే పానా చేత్తో పట్టుకుని, పైన మనిషి వెళ్లిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.