వీణ మోగిన మధ్యాహ్నం

"అమ్మమ్మా, శాస్త్రీయ సంగీతం కొత్తగా వినేవాళ్ళు ముందు ఏ రికార్డింగు వినాలి?" అని నిన్న ఫోనులో అడిగావు కదా. వేణువుతో మొదలుపెట్టు బిడ్డా. అందులో ఊపిరి వినిపిస్తుంది, పక్కన మనిషి ఉన్నట్టే ఉంటుంది. తర్వాత చిన్న చిన్న కీర్తనలు విను. ఆలాపన వస్తే పాట ఇంకా మొదలుకాలేదనుకుని ముందుకు జరపకు, అదీ పాటే. వీణను మాత్రం చివరికి ఉంచుకో. విన్నా తలుపు దగ్గరికి వేసుకుని విను. మీ తమ్ముడు నవ్వితే నవ్వనీ. వీణ మొదటి మీటు చెవిన పడితే నాకు ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

మా కాలంలో దేశంలో ఎవరైనా పెద్దమనిషి పోతే రేడియోలో సినిమా పాటలు ఆపేసేవారు. రోజంతా వీణో, సారంగీనో వాయించేవారు. కోరుట్లలో మా వాడకట్టుకు తెలిసిన శాస్త్రీయ సంగీతమంతా అదే. వీణ మోగిందంటే ఎవరో పోయినట్టు. మీ తాత అప్పుడు మస్కట్‌లో ఉండేవాడు. ఉత్తరాలు రాయడం ఆయనకు బద్ధకం. మాటలన్నీ క్యాసెట్లో నింపి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. అందులో సగం దగ్గే, మిగతా సగం "అమ్మ మంచిగున్నదా, బర్రె ఈనిందా" అన్న మాటలే. అయినా టేప్‌రికార్డర్ చుట్టూ చేరి పెరుగన్నం తిన్నంత నిమ్మళంగా వినేవాళ్ళం.

ఆ ఏడు చాలా రోజులు క్యాసెట్ రాలేదు. చివరికి మెట్‌పల్లి ఆయనెవరో సెలవు మీద వచ్చి, బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు. మధ్యాహ్నం, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ టేపు వేశాను. దగ్గు రాలేదు. వీణ వచ్చింది. కాసేపటికి మాట వస్తుందిలే అనుకున్నాను, రాలేదు. రెండో వైపు తిప్పినా వీణే. ఎక్కడ ఆయన గొంతు తప్పిపోతుందోనని సౌండు పెంచి, చెవి ఆనించి కూర్చున్నాను. వేళ్ళ మధ్య ఆకు చిరిగిపోతున్నా తెలియలేదు.

ఇంతలో వాకిట్లో ఏడుపు. పక్కింటి చిన్నమ్మది సిరిసిల్ల, మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగింది, మెల్లగా మాట్లాడటం రాదు. మెల్లగా ఏడవడం అసలే రాదు. ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వస్తున్నారు. వీళ్ళకేదో కబురు తెలిసింది, నాకు చెప్పలేక ఏడుస్తున్నారనుకున్నాను.

"ఎప్పుడైందే బిడ్డా? ఎవలు చెప్పిండ్రే?" అంటూ చిన్నమ్మ నన్ను పట్టుకుంది.

"ఏమైంది చిన్నమ్మా? నీకెవలు చెప్పిండ్రు?"

"నాకెవలు చెప్తరే! గా పాట మీ ఇంట్లనే మోగవట్టె గద!"

అప్పుడర్థమై ఒకావిడ కిసుక్కున నవ్వింది. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని, "పానం వోయినంత పనైంది. గీ సావు పాట పెట్టుకొని కూసున్నవేందే?" అని తిట్టింది. నేనూ నవ్వబోయాను. గోడవారన కూర్చున్న మా అత్త ఒకటే మాట అంది: "మరి నా కొడుకు గొంతేదే?"

లోపల వీణ మోగుతూనే ఉంది. ఆపడానికి నాకు చెయ్యి రాలేదు.

తెల్లవారి ఆ డ్రైవర్‌నే అడిగి క్యాసెట్ తెచ్చినాయన ఇంటి గుర్తులు తెలుసుకుని, చిన్నమ్మను తోడు తీసుకుని మెట్‌పల్లి బస్సెక్కాను. దారంతా ఆమె ఏదో చెబుతూనే ఉంది, నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. ఆ ఇల్లు కనబడగానే వెనక్కి పోదామనిపించింది. తలుపు కొట్టకపోతే, ఇంకాసేపు ఆయన బతికే ఉన్నట్టు కదా.

"అయ్యో వదినా! అన్న మంచిగున్నడు," అన్నాడతను నా మొహం చూసి కంగారుపడి. "నేను బయలెల్లిన పొద్దు చాయ్ తాగిపిచ్చి పంపిండు."

"మంచిగున్నోనికి నోరెటువోయింది?" అంది చిన్నమ్మ.

"గది నాకేం ఎర్క? 'గిది ఆమెకియ్యి, ఇంటది' అన్నడు, గంతే."

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు అప్పుడొచ్చింది.

తర్వాతెప్పుడో జగిత్యాల పోయినప్పుడు, గడియారం టవర్ దగ్గర క్యాసెట్ల దుకాణంలో అదే వీణ పాట మోగుతుంటే ఆగి అడిగాను. "మోహన రాగమమ్మా, సంబురంగ ఉంటది," అన్నాడు దుకాణదారు. సంతోషంగా ఉండే రాగం విని మా వాడకట్టంతా ఏడ్చింది! అక్కడే ఒక వేణువు క్యాసెట్ కొన్నాను. నేను సంగీతం వినడం అలా మొదలైంది. అందుకే నీకూ ముందు వేణువు అన్నాను.

మీ తాత తిరిగొచ్చాక, ఎందుకు పంపావని అడిగితే "మంచిగున్నదా లేదా?" అని నన్నే అడిగాడు. మళ్ళీ అడిగితే బర్రెకు గడ్డి వేయడానికి లేచిపోయాడు. తర్వాత నిదానంగా అడగొచ్చులే అనుకున్నాను. సంసారంలో పడి అడగనేలేదు, ఆయన పోయాడు. ఆ క్యాసెట్ ఇంకా ఉంది. ఏళ్ళు గడిచినకొద్దీ వీణ అరిగి సన్నబడింది. పాట అయిపోయాక సర్రుమంటూ తిరిగే ఖాళీ టేపు మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. అక్కడికి వచ్చేసరికి ఈ వయసులోనూ చెవి ఆనించి కూర్చుని ఆయన్నే అడుగుతాను: పాటంటేనే పట్టని మనిషివి, ఆ ఎడారిలో ఆ వీణ ఎక్కడ విన్నావు, అది విని నాకేం చెప్పాలనుకున్నావు?