ఎలుగుబంటి ఇంటి గోడ

ఈ రోజు మా మనవరాలు బడి నుంచి ఒక మరాఠీ బొమ్మల పుస్తకం తెచ్చింది. జంతువులకు ఇల్లు కట్టాలంటే ఎట్లా కట్టాలో చెప్పే పుస్తకం. ఉడుతకు తలుపు ఎక్కడుండాలి, తాబేలుకు మెట్లు ఎందుకు పెట్టకూడదు, అన్నీ ఉన్నాయి. చివరి పేజీ ఖాళీగా వదిలి, మీకిష్టమైన జంతువుకు మీరే ఇల్లు గీయండి అన్నారు.

పిల్ల ఎలుగుబంటిని ఎంచుకుంది. (ఒకసారి సెకండ్ షిఫ్టులో మా గని క్యాంటీన్‌లోకి ఒక ఎలుగుబంటి దూరి బెల్లం డబ్బా మొత్తం నాకిపోయింది. ఆ కథ ఇప్పుడొద్దు.) మంచం వేసింది. తేనె సీసాను అరలో కాకుండా నేల మీద పెట్టింది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ వేళకు ఇండ్లు అదురుతాయని మా బస్తీలో అందరం సీసాలు కిందికి దించుకుంటాం, అందుకని. అక్కడి దాకా నవ్వుకున్నాను. తర్వాత గోడ మీద, కప్పు నుంచి తలుపు దాకా, ఒక వంకర గీత గీసింది.

"ఇదేంది బిడ్డా?"

"పగులు తాతా. గోడకు ఉంటది కదా."

"అన్ని ఇండ్లకు ఉండదే."

"అట్లనా? ఎవరింటికి లేదు, చెప్పు."

గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మనసులోనే తిరిగొచ్చాను. మా ఇల్లు, పక్కిల్లు, చర్చి, పిల్ల చదివే బడి. ఒక్కటీ దొరకలేదు.

ఆ గనిలో ముప్పై ఏండ్లు మందు పెట్టి పేల్చింది నేనే. రిటైరైన రోజు శాలువా కూడా కప్పారు.

మీలో ఎవరింట్లోనైనా పగులు లేని గోడ ఉంటే ఒక ఫోటో పెట్టండి. నేను చెబితే పిల్ల నమ్మట్లేదు.