బాల్టిమోర్ తాతగారు

డెబ్బైల చివర్లో, పెళ్లయి అమెరికా వెళ్లిన కొత్తలో, బాల్టిమోర్‌లో ఓ చిన్న హోటల్లో వెయిట్రెస్‌గా చేరాను. ఆ ఊళ్లో వడ్డించేవాళ్లు ఎవరినైనా ‘హన్’ అనే పిలుస్తారు, మనం ‘బంగారం’ అన్నట్టు! మా ఆయన్నే పేరుపెట్టి పిలవని నేను పరాయి మగవాళ్లని అలా ఎలా అంటాను? నోరు మూసుకుని కాఫీ పోసేదాన్ని.

“నీకు పొగరని కస్టమర్లు అంటున్నారు. ఇవాళ్టి నుంచి ‘హన్’ అంటేనే ఉద్యోగం” అన్నాడు ఓనర్.

రోజూ ఒంటరిగా వచ్చే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ‘హన్’ అనబోయాను. కంగారులో “కాఫీ, తాతగారూ?” అనేశాను. హోటలంతా నావైపే చూసింది.

“అంటే ఏంటి?” అన్నాడాయన.

“గ్రాండ్‌ఫాదర్ అని. మావైపు పెద్దవాళ్లని ఇలాగే పిలుస్తాం సార్” అన్నాను.

ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టాడు. “నన్నెవరూ అలా పిలవలేదు. ఇంకోసారి అను.”

“మరి నన్నేమంటావ్?” అంది పక్క టేబుల్ ఆవిడ.

“అత్తయ్యగారూ!”

వారం తిరక్కుండానే వంటింట్లోంచి ఓనర్ కేక వినబడింది: “టాటగారు ఆమ్లెట్ రెడీ, హన్!”

ఆ ప్లేటు మోసినంత గర్వంగా నేను తర్వాత ఏ డిగ్రీ పట్టా అందుకోలేదు.