ముద్ద కట్టిన మంచు

నేను పోస్టుకు చేరిన మధ్యాహ్నం గాలి ఆగి ఉంది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. వీపున సంచి, భుజాన రైఫిల్, నడుముకు తాడు. ఆరుగురం ఒకే తాడు కట్టుకుని ఎక్కాం. పైకి రాగానే ముడి విప్పబోతే ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. మా జట్టు నాయకుణ్ణి అందరం అలాగే పిలిచేవాళ్లం.

"చివరివాడు బంకర్‌లోకి వచ్చేదాకా ఎవరూ విప్పరు," అన్నాడు హిందీలో.

ఇబ్రహీంపట్నంలో మాకు చెలక ఉంది. వాన పడ్డాక బాపు గుప్పెడు మట్టి తీసి పిసికి చూసేవాడు. ముద్ద కడితే పదునున్నట్టు, దున్నొచ్చు. ఆ విద్య నాకూ అబ్బింది. ఎండాకాలంలో బంకర్ గోడకు మట్టి కలిపినప్పుడు నా పిడికిలే కొలత. ఆ గోడ నిలిచింది. అప్పటినుంచి నన్ను 'కిసాన్' అని పిలిచేవాళ్లు. నేను మురిసిపోయాను. తెలిసింది గోరంత, మిడిసిపాటు కొండంత.

చలికాలంలో రెండు రోజులు ఆగకుండా మంచు కురిసి, మూడో ఉదయం తెరిపి ఇచ్చింది. కిరోసిన్ అడుగంటింది. కింది పోస్టు నుంచి తేవాలంటే ఎదుటి వాలును అడ్డంగా దాటాలి. ఉస్తాద్ కర్ర గుచ్చి చూశాడు. ఎటూ తేల్చుకోలేకపోయాడు.

"కిసాన్, నువ్వేమంటావు?"

గ్లవ్ తీసి గుప్పెడు మంచు పిసికాను. గట్టి ముద్ద కట్టింది. దాన్ని బండ మీద పెట్టి, "పట్టుంది ఉస్తాద్, పోవచ్చు," అన్నాను. నాకు తెలియదు అనడం చేతకాలేదు.

అందరం మళ్లీ ఒకే తాడు కట్టుకున్నాం. మా రేడియో ఆపరేటర్ ముందు నడిచాడు. సగం దాటాడో లేదో, వాలు మొత్తం ఒకే పలకగా జారింది. తాడు మమ్మల్ని బోర్లా ఈడ్చింది. ఎలాగో ఆపుకున్నాం. తాడు వెంట పోయి అతన్ని తవ్వి తీశాం. ప్రాణం ఉంది. కుడికాలి బూటు లేదు. తర్వాత ఆ కాలి వేళ్లు తీసేశారు.

నర్సింగ్ అసిస్టెంట్‌ది మా పక్కన మహేశ్వరం. ఆ సాయంత్రం బంకర్‌లో అతన్నే అడిగాను.

"అన్నా, మంచిగనే ముద్ద కట్టింది గదా?"

"అవ్, కట్టింది. దానికది మస్తు అంటుకున్నది. కిందున్న పాత మంచుకు జర గూడ అంటుకోలే. గందుకే మొత్తం ఒక్కపారే జారింది. ఇంటర్ల సదవలేదా, సంసంజనం, అసంజనం అని?"

చదివాను. రెండు మార్కుల ప్రశ్న. ఒకటి తనలో తాను అంటుకోవడం, ఇంకొకటి పరాయిదానికి అంటుకోవడం. పరీక్ష రాసి మరిచిపోయాను.

విచారణకు వచ్చిన అధికారి, "వాలు బాగుందని ఎవరన్నారు?" అని అడిగాడు.

"నేనే సార్," అన్నాను.

"మేమందరం చూసే కదిలాం సార్. ఇతను బాధలో ఏదో అంటున్నాడు," అన్నాడు ఉస్తాద్. మిగతావాళ్లు తలూపారు. స్ట్రెచర్ మీదున్న ఆపరేటర్ కూడా, "అందరం, సార్," అన్నాడు. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను. అధికారి అదే రాసుకున్నాడు.

ఊళ్లో నన్ను పిలిచి శాలువా కప్పుతారు. సైన్యంలో కలిసికట్టుగా ఉండటం గురించి పిల్లలకు చెప్పమంటారు. చెబుతాను. చెబుతున్నంతసేపూ సిగ్గుతో చస్తాను. శిక్ష పడి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదు.

నేను ఇంటికి వచ్చేసిన ఏడు తొలకరి బాగా పడింది. బాపు చెలకలో గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు.

"పిసికి సూడు బిడ్డా, పదునున్నదా?"

"నాకు తెలువది బాపు."

బాపు నన్ను వింతగా చూసి, తనే పిసికి చూసుకున్నాడు.

వాలు జారిన ఆ రోజు ఆపరేటర్‌ను మోసుకుని పోస్టుకు తిరిగి ఎక్కాం. అతన్ని లోపల పడుకోబెట్టేదాకా ఎవరూ తాడు విప్పలేదు. గుమ్మం పక్కన బండ మీద నా మంచు ముద్ద అలాగే ఉంది. నా ఐదు వేళ్ల గుర్తులతో, ఒక్క రవ్వ కూడా రాలకుండా.